గోడ ఇవతల

పొద్దున్నించి కనకవల్లి చస్తూనే ఉంది. మొదట వంతెన మీద ఎదురొచ్చిన యాత్రికురాలిగా చచ్చింది, తర్వాత సత్రంలో వంటమనిషిగా చచ్చింది, కాఫీ తాగొచ్చి జూదరి పెళ్లాంగా చచ్చింది. ఒకరి చావు ఇంకొకరి చావులా ఉండకూడదు. మెడ మీద పడ్డ కత్తికి గొంతు మధ్యలో తెగిపోవాలి. కడుపులో దిగిన కత్తికి ముందు ఆశ్చర్యం రావాలి, ఆ తర్వాతే నొప్పి. అరిచేటప్పుడు మొహం మైకుకి ఓరగా తిప్పుకోవాలి, లేదంటే అద్దం అవతల కూర్చుని డబ్బింగ్ చెప్పించే శ్యామ్ హెడ్‌ఫోన్స్ పీకి పారేసి విసుక్కుంటాడు. దెబ్బలు తినే ఆడదాని గొంతు కావాలంటే తన రొమ్ము మీద తనే పిడికిలితో గుద్దుకుంటూ అరవాలి. దర్జీకి వేలి మీద కాయ కాసినట్టు, కనకవల్లికి జాకెట్టు లోపల ఎప్పుడూ ఒక కమిలిన మచ్చ ఉంటుంది.

చెన్నై సాలిగ్రామంలో ఆ డబ్బింగ్ థియేటర్ ఒక మందులషాపు మీద ఉంది. అక్కడ తెలుగులోకి మారుస్తున్నవి జపాన్‌వాళ్ల పాత కత్తియుద్ధం సినిమాలు. నూనె కావడి మోసుకుంటూ ఊరూరా తిరిగే ఒక మనిషి, కావడిబద్దలో దాచిన కత్తి, అదే వరస. పద్దెనిమిది భాగాలు నవ్వుతూ నవ్విస్తూ నడిచాయి. నూనెవాడు జూదంలో మోసపోతాడు, పిల్లలతో కలిసి పాడతాడు, ఏ మూల ఆడకూతురు కేక పెట్టినా సమయానికి ఊడిపడతాడు. ఈ పంతొమ్మిదో భాగం తీసినవాడికి మాత్రం ఏం పుట్టిందో ఏమో, సినిమా నిండా వాన, బురద, నెత్తురు. ఒక్క నవ్వు లేదు. ఇందులో నూనెవాడు ఒకప్పుడు తన ప్రాణం కాపాడిన మనిషి ఇంట్లో దిగుతాడు. ఆ మనిషి రోజూ పెళ్లాన్ని గొడ్డును బాదినట్టు బాదుతాడు. మధ్యలో కాగితపు గోడ. నూనెవాడు ఇవతల కూర్చుని దీపంలో నూనె పోసుకుంటూ వింటాడు. ఉప్పు తిన్న ఇల్లని లేవడు. ఆమె చచ్చాక లేచి ఊళ్లో సగంమందిని నరికి పోగులు పెడతాడు. అప్పుడు నరికి ఎవరికి లాభం?

"ఇన్ని భాగాల్లో టైముకి రానిది ఈడ ఒక్కదాంట్లోనే అమ్మా" అన్నాడు గోపాలయ్య, బల్ల మీద కూర్చుని మిరియాల పాలు ఊదుకుంటూ. నూనెవాడికి తెలుగులో మొదటినుంచీ ఆయనదే గొంతు. "నాకు మాటలే లేవు ఇందులో. ఊపిరి పీల్చేదీ వదిలేదీ, అంతే. అదే కష్టంగా ఉండాది."

శ్యామ్ బయటికొచ్చి కనకవల్లి ముందు నిలబడ్డాడు. "మేడమ్, గోడ సీను గురువారం చేద్దాం. కెమెరా అంతసేపూ నూనెవాడి మొహం మీదే ఉంటుంది, ఆమె కనపడదు. ఉన్నదంతా మీ గొంతే. ఇన్నాళ్లూ మిమ్మల్ని గుంపులో అరవడానికే పిలిచాను. ఇది కుదిరితే ఇంక క్యారెక్టర్లకే పిలుస్తా. ఇంట్లో బాగా ప్రాక్టీస్ చేసుకుని రండి."

కనకవల్లి తల ఊపింది. క్యారెక్టర్ అనే మాట కోసం ఆవిడ చాలా ఏళ్లుగా చస్తోంది.

కనకవల్లి ఉండే ఇల్లు రెండు వీధుల అవతల. కింద పోర్షన్‌లో మునెమ్మ, పైన పక్కపక్కనే రెండు పోర్షన్లు. ఒకదాంట్లో కనకవల్లి ఒక్కతే, ఇంకోదాంట్లో విఘ్నేష్, అతని పెళ్లాం జనని. గేటు పక్కన వేపచెట్టు కింద జెబరాజ్ ఇస్త్రీ బండి. కనకవల్లి ఈ ఇంటికి వచ్చిన కొత్తల్లో తొలిసారి ప్రాక్టీసుకి అరిచినప్పుడు జెబరాజ్ బొగ్గుల పెట్టె చేతపట్టుకుని మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు. మునెమ్మ చీపురు తిరగేసి పట్టుకొచ్చింది. ఎవరో ఫోన్ చేస్తే పోలీసతను కూడా వచ్చాడు, సంగతి విని పడీపడీ నవ్వి కాఫీ తాగి వెళ్లాడు. కనకవల్లి సిగ్గుపడి ఇంటింటికీ మైసూర్‌పాక్ పంచి, ఇది నా పని, పట్టించుకోకండి అని చెప్పింది. అప్పటినుంచి ఎవరూ పట్టించుకోవడం మానేశారు. అరుపు వినపడితే జెబరాజ్ చొక్కా మడతపెడుతూ, ఎవరైనా కొత్తగా వచ్చినవాళ్లు ఉలిక్కిపడితే, "సినిమా" అని ఒక్క ముక్క చెప్పేవాడు.

సోమవారం సాయంత్రం మెట్ల మీద విఘ్నేష్ ఎదురయ్యాడు. షోళింగనల్లూరు ఆఫీసు నుంచి అప్పుడే దిగాడు, మెడలో కార్డు వేలాడుతోంది. ఒక చేతిలో మునెమ్మ గ్యాసు సిలిండరు. ఆ ఇంట్లో ఎవరికి కరెంటు బిల్లు కట్టాలన్నా, ఫోను పాడైనా ఆ అబ్బాయే దిక్కు.

"అక్కా, ప్రాక్టీసు ఉండాదా ఈ వారం?"

"ఉండాది విఘ్నేషూ. పెద్ద సీను వచ్చింది."

"సూపర్ అక్కా. టైము చెప్తే బాగుంటది. నాకు ఆఫీసు కాల్స్ ఉంటాయి గదా, అట్లా అడ్జస్ట్ చేసుకుంటా."

ఎంత మర్యాదస్తుడు అనుకుంది కనకవల్లి. "ఆరున్నరకి మొదలుపెడతాలే, రోజూ" అంది.

ఆరున్నరకి తలుపేసుకుని, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఫోనులో సీను పెట్టుకుంది. తెర మీద నూనెవాడు దీపంలో నూనె పోస్తున్నాడు. కనకవల్లి రొమ్ము మీద గుద్దుకుంటూ అరిచింది. కాపాడండి అన్నట్టు అరిచింది, చంపొద్దు అన్నట్టు అరిచింది. ఏదీ కుదరలేదు. అన్నీ ఎవరో వస్తారని అరిచే అరుపులే అయ్యాయి.

మంగళవారం సాయంత్రం ఆరు గంటలకి శ్యామ్ ఫోన్ చేసి, ఇంకో చావు మిగిలిపోయింది రమ్మన్నాడు. కనకవల్లి చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఇల్లు చేరేసరికి అందరి తలుపులూ మూసి ఉన్నాయి.

బుధవారం పొద్దున మెట్రో వాటర్ లారీ వచ్చింది. బిందెల వరసలో మునెమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, కనకవల్లిని చూసి నవ్వింది.

"నిన్న శానాసేపు సచ్చినావే కనకం. మా సీరియల్ ఒక్క ముక్క ఇనపడలే. ఆ సరి సరి అని ఏందది, కొత్తగా ఉండె?"

"నిన్ననా? నిన్న నేను ఇంట్లో లేనే పెద్దమ్మా. థియేటర్‌కి పోయినా."

"ఏమో మల్ల. మొన్నేమో. నాకు దినాలు గుర్తుండవు" అని మునెమ్మ బిందె కుళాయి కింద పెట్టుకుంది.

కనకవల్లి బిందె నిండి పొర్లిపోయింది. వెనకనున్నావిడ గదమాయిస్తే గానీ తీయలేదు.

ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు. సాయంత్రం ఆరున్నరకి మామూలుగానే హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది, మామూలుగానే ఒక అరుపు అరిచింది. అరుస్తూ ఉండగానే హెడ్‌ఫోన్స్ లాగేసింది.

తన అరుపు ఆగింది. గోడ అవతలిది ఆగలేదు.

ముందు మెత్తటి చప్పుడు, తడిబట్ట బండ మీద వేసినట్టు. ఆ తర్వాత ఒక ఊపిరి. అది బయటికొచ్చే ఊపిరి కాదు, లోపలికి మింగుకునేది. ఆ వెంటనే జనని గొంతు, తొందర తొందరగా, "సరి సరి సరి సరి." మళ్లీ చప్పుడు. మళ్లీ సరి. దెబ్బకొకసారి ఒప్పుకుంటోంది ఆ పిల్ల. ఏం ఒప్పుకుంటోందో ఆమెకే తెలియదు. ఎంత ఆపుకున్నా ఒక్కో దెబ్బకి మాత్రం గొంతు జారి ఒక కేక బయటపడుతోంది, వెంటనే ఎవరిదో చెయ్యి అడ్డం పడ్డట్టు మూసుకుపోతోంది. విఘ్నేష్ మాట ఒక్కటీ వినపడదు. మాట్లాడకుండా పని చేసుకుపోతున్నాడు.

తను ఆరున్నరకి అరుస్తానంది. అతను ఆరున్నరకి కొడుతున్నాడు. వాయిద్యం చాటున వెనకటికి బలి ఇచ్చినట్టు, తన గొంతు చాటున ఆ పిల్లని గుల్లచేస్తున్నాడు. ఎన్నాళ్లనుంచో! మైసూర్‌పాక్ పంచి ఈ ఇంటి చెవులు మూయించింది తనే.

వెళ్లి తలుపు కొట్టింది. కొంచెం సేపటికి విఘ్నేష్ తీశాడు. నుదుటి మీద చెమట. నవ్వాడు.

"ఏమక్కా, ప్రాక్టీసు అయిపోయిందా అప్పుడే?"

అతని భుజం మీదుగా వంటగదిలో జనని వీపు కనిపించింది. గట్టుకి ఆనుకుని నిలబడి, కుళాయి కింద చేతులు పెట్టి, అవసరం లేకుండా కడుగుతూనే ఉంది. కనకవల్లి నోట్లో మాట సిద్ధంగానే ఉంది. కానీ ఆ నవ్వు ముందు, ఆ మర్యాద ముందు, నోరు దాని దారిన అది పోయింది.

"కొంచెం కరివేపాకు ఉండాదేమోనని."

"ఉండాది, ఉండాది." తనే వెళ్లి గుప్పెడు తెచ్చి ఇచ్చాడు. "వేరే ఏం కావాలన్నా అడగండక్కా."

కరివేపాకు గుప్పిట్లో నలిపి, తన గుమ్మం లోపలికి వచ్చి కనకవల్లి తన రొమ్ము మీద తనే గుద్దుకుంది. నటన కోసం కాకుండా అలా గుద్దుకోవడం అదే మొదటిసారి.

గురువారం పొద్దున విఘ్నేష్ ఆఫీసు బండి హారన్ కొట్టి వెళ్లాక, జనని మేడ మీద బట్టలు ఆరేస్తోంది. పొడుగు చేతుల నైటీ. దండెం అందుకోవడానికి చెయ్యి ఎత్తలేక, బట్ట విసిరి లాగుతోంది. కనకవల్లి బకెట్టు పట్టుకుంది.

"ఏమైంది ఆ చెయ్యి?"

"ఒన్నుమిల్ల అక్కా, ఏమీ లే. బాత్రూంలో జారినా."

"నిన్న నేను విన్నా జననీ."

జనని చేతిలో చొక్కా అట్లాగే ఉండిపోయింది. విఘ్నేష్ చొక్కా. తర్వాత దాన్ని జాగ్రత్తగా దులిపి, కాలరు సరిచేసి, క్లిప్పు పెట్టింది.

"ఇంట్లో ఇంతమంది ఉండాము. ఒక్కసారి గట్టిగా అరువు తల్లీ. అందరూ వస్తారు."

"రారక్కా" అంది జనని. గొంతులో ఏ నిష్ఠూరమూ లేదు, లారీ ఎప్పుడొస్తుందో చెప్పినట్టు చెప్పింది. "మొదట్లో అరిచినా నేను. ఆయనే చెప్పినాడు, ఎంతైనా అరుచుకో, పక్కింటక్క అనుకుంటారు అని. నిజమే. ఎవురూ రాలే. ఇప్పుడు అరిస్తే ఇంకా జాస్తి కొడతాడు, అదొక్కటే లాభం." బకెట్టు తీసుకుని, "ఎవురికీ చెప్పబాకండక్కా, మా అమ్మకి గుండె బాగలేదు" అని దిగిపోయింది.

చెప్పొద్దంటే మాత్రం ఎలా ఊరుకుంటుంది? తిన్నగా మునెమ్మ దగ్గరికి పోయింది. మునెమ్మ చింతపండు గింజలు తీస్తూ విని, ముక్కు మీద వేలేసుకుంది.

"ఇగ్నేషా? చీమకి అన్నాయం చెయ్యడు ఆ పిల్లోడు. మొన్నగూడా సిలిండరు మోసి పెట్నాడు నాకు. నీకు పొద్దస్తమానం ఆ అరుపులే గదా, తల్లోనే తిరగతా ఉంటాయి. రొండు దినాలు రెస్టు తీసుకోమ్మే."

గేటు దగ్గర జెబరాజ్ అయితే నవ్వేశాడు. చెప్పేదాన్నే నమ్మకపోతే ఇంక చెప్పింది ఎవరు నమ్ముతారు. రోజూ ఉత్తుత్తినే చచ్చే మనిషి మాటకి ఈ వీధిలో ఎంత విలువ ఉంటుందో కనకవల్లికి ఆ పూట తెలిసొచ్చింది.

మెట్ల దగ్గరే నిలబడి ఆలోచించింది. తన నోరు ఎంత పనిచేసినా లాభం లేదు. ఆ నోరు మూసుకుని ఉండటం వాళ్లంతా కళ్లారా చూడాలి. ఫోన్ తీసి విఘ్నేష్‌కి మెసేజ్ పెట్టింది. ఈరోజు ఆరున్నరకి ప్రాక్టీసు, కొంచెం ఎక్కువసేపు పడుతుంది, సారీ తమ్ముడూ. ఆ సాయంత్రం ఆ పిల్ల ఒంటి మీద పడే మొదటి దెబ్బలో తనకీ వంతు ఉందని తెలిసే పంపింది. వెంటనే రెండు చేతులు జోడించిన బొమ్మ తిరిగొచ్చింది.

మధ్యాహ్నం థియేటర్‌లో లైట్లు తీశారు. తెర మీద వాన. నూనెవాడు గోడ ఇవతల మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు, ముఖం మీద దీపం వెలుగు. అద్దం అవతల శ్యామ్ చెయ్యి పైకెత్తి దించాడు.

కనకవల్లి ఎప్పటిలా ఓరగా నిలబడలేదు. మైకుకి దగ్గరగా వచ్చి, ఎడమచేత్తో నోరు సగం మూసుకుని, కుడి పిడికిలితో గుద్దుకుంది. ఊపిరి లోపలికి మింగింది. ఇంకో గుద్దు. "సరే సరే సరే సరే." ఇంకో గుద్దు. ఒక్క కేక జారింది, చెయ్యి దాన్ని మూసేసింది. "సరే సరే." తెర మీద నూనెవాడి చేతిలో నూనెగిన్నె కదలకుండా ఉంది. కనకవల్లి ఆ కదలని చేతిని చూస్తూ గుద్దుకుంటూనే ఉంది. సీను అయిపోయి తెర తెల్లబడినా ఆపలేదు, శ్యామ్ లేచొచ్చి తలుపు తీసేదాకా.

"మేడమ్" అన్నాడు శ్యామ్. అతని మొహం పాలిపోయింది. "ఆ సరే సరే అన్నది స్క్రిప్టులో లేదు. ఎక్కడ పట్టారండీ దాన్ని? ఇంక ముట్టుకోను, ఇదే ఉంచేస్తా. మీరింక గుంపులో అరవక్కర్లేదు."

ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన మాట అది. విన్నాక కనకవల్లి థాంక్స్ కూడా చెప్పకుండా బయటికి నడిచింది. గోడ అవతల ఒకతె తింటున్న దెబ్బల్ని తెచ్చి ఇక్కడ అమ్ముకుని మెప్పు పొందింది. అంతకన్నా హీనం ఏముంటుంది?

బయట బల్ల మీద గోపాలయ్య కళ్లు మూసుకుని కూర్చున్నాడు. స్పీకరులో అంతా విన్నట్టుంది.

"ఎవురమ్మా ఆ పిల్ల?"

కనకవల్లి వంగి చెప్పులు వెతుక్కుంది.

"నేనంటే సినిమాలో కూసోనుండా, డైరెక్టరు కూసోమన్నాడు కాబట్టి" అన్నాడాయన కళ్లు తెరవకుండానే. "నువ్వు ఎక్కడ కూసోనుండావు?"

"లేచినా మామా" అంది కనకవల్లి, చెప్పులేసుకుంటూ. "ఆలస్యంగానైనా."

ఇంటికొచ్చి మొహం కడుక్కుని, టీ పెట్టుకుని, తలుపుకి తాళం వేసి, ఒక ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకుని కిందికి దిగింది. జెబరాజ్ బండి పక్కనే, వీధి లైటు కింద, గేటుకి ఎదురుగా వేసుకుని కూర్చుంది. విఘ్నేష్ అప్పటికే ఇల్లు చేరాడు, అతని కిటికీలోంచి చూస్తే వేపకొమ్మలు తప్ప ఏమీ కనపడవు. మునెమ్మ అరుగు మీద మల్లెలు కడుతోంది. పక్కింటి ఇద్దరు ఆడవాళ్లు కూరల బండి దగ్గర బేరమాడుతున్నారు.

"ఏంది కనకం, ఈరోజు సావలేదా?" అంది మునెమ్మ.

"ఈడనే కూర్చుంటా పెద్దమ్మా. గాలి బాగుండాది."

టీ గ్లాసు పెదాలకి ఆనించుకుంది, తాగలేదు. జెబరాజ్ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఊదాడు. బడిపిల్లల చొక్కా పరిచి నీళ్లు చల్లాడు. పైన లైటు వెలిగింది. కనకవల్లి వెన్ను నిటారుగా పెట్టుకుని, పెదాలు బిగించి కూర్చుంది. పైకి పరుగెత్తిపోవాలని కాళ్లు లాగుతున్నాయి. ఒక్క కేక, ఒక్కటంటే ఒక్కటి, అంతకు మించి ఆగనని లోపల ఒట్టు పెట్టుకుంది.

పైనుంచి కేక వినపడింది.

కూరల బండి దగ్గర ఒకావిడ తలెత్తింది. "సినిమా" అన్నాడు జెబరాజ్ అలవాటుగా, చొక్కా మీదనుంచి తల ఎత్తకుండానే. అని, ఇస్త్రీపెట్టె ఆపాడు. మెల్లిగా పక్కకి తిరిగి కనకవల్లిని చూశాడు.

కనకవల్లి నోరు మూసే ఉంది. మునెమ్మ చేతిలో మల్లెదండ జారి ఒళ్లో పడింది. ఆవిడ కళ్లు కనకవల్లి పెదాల మీద ఉన్నాయి, పైకి పోయాయి, మళ్లీ పెదాల మీదికొచ్చాయి. పైన ఇంకో కేక లేచి సగంలో తెగింది. కనకవల్లి పెదాలు కదల్లేదు. చెంపల మీద నీళ్లు మాత్రం కారుతున్నాయి.

"ఓరి నీ..." అంటూ మునెమ్మ లేచింది. నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి ఎటుపోయాయో, ముందు మెట్లెక్కింది ఆవిడే. వెనక జెబరాజ్, చేతిలో పొగలు కక్కే ఇస్త్రీపెట్టెతో. ఆ వెనక కూరల బండి దగ్గరి ఆడవాళ్లు, చివర కనకవల్లి.

జెబరాజ్ కాలితో తన్నితే తలుపు తెరవడానికి కొంచెం సేపు పట్టింది. విఘ్నేష్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. వేళ్ల కణుపుల దగ్గర తోలు లేచి ఉంది. మునెమ్మని చూసి నవ్వు తెచ్చుకున్నాడు.

"ఏందవ్వా? సౌండా? అది పక్కింటక్క ప్రాక్టీసు గదా. పాపం ఏదో పెద్ద సీను అంట. నాకే ఫోన్ కాల్ మాట్లాడేదానికి కాలేదు."

మునెమ్మ పక్కకి జరిగింది. జెబరాజ్ జరిగాడు. మెట్ల మలుపులో టీ గ్లాసు ఇంకా చేతిలోనే పట్టుకుని కనకవల్లి నిలబడి ఉంది.

విఘ్నేష్ ఆవిడ వంక చూశాడు, ఆవిడ తలుపుకి వేసి ఉన్న తాళం వంక చూశాడు. నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మొహం మీదే ఉండిపోయింది. తలుపు వెయ్యబోయాడు. జెబరాజ్ ఇస్త్రీపెట్టెని సందులో ఆనించాడు. రంగు కాలిన వాసన వచ్చింది.

"నగురు" అన్నాడు జెబరాజ్. జరగమని తమిళంలో ఆ మాటొక్కటే, అరవకుండా.

వంటగదిలో జనని నేల మీద, గ్యాసు సిలిండరుకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంది. ఒక కన్ను మూసుకుపోయింది. పై పెదవి చీలి నెత్తురు నైటీ మీద కారుతోంది. ఒక చెయ్యి ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. అడుగుల చప్పుడు విని తల ఇంకా లోపలికి దూర్చుకుని, "సరి సరి సరి" అంది.

కనకవల్లి టీ గ్లాసు గట్టు మీద పెట్టి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. ముట్టుకోవడానికి నొప్పి లేని చోటు వెతికి, చివరికి పాదం మీద చెయ్యి వేసింది. "నేను జననీ. చూడు, అందరూ వచ్చినారు."

జనని మంచి కన్ను తెరిచింది. గుమ్మంలో మునెమ్మ, ఆవిడ వెనక ఆడవాళ్లు, వాళ్ల వెనక నడవాలో జెబరాజ్, అతని ముందు గోడకి ఆనుకుని నేల చూస్తున్న విఘ్నేష్. ఒక్కొక్కరినే చూసింది. తర్వాత కనకవల్లి మూసిన నోటిని చూసింది.

అప్పుడు అరిచింది. కడుపులోంచి, ఇన్నాళ్లూ మింగినదంతా కలిపి, ఊపిరి అయిపోయేదాకా అరిచింది. కింద వీధిలో స్కూటర్లు ఆగాయి. ఎదురింటి బాల్కనీల్లో తలుపులు తెరుచుకున్నాయి. ఆ వీధిలో ఎవ్వరూ ఆ అరుపుని సినిమా అనుకోలేదు.